తొలికాన్పు ప్రయాణం

“నేను బతికుండంగా నా కోడలి కాలి మట్టెలు తియ్యనియ్యను,” అని చెంచమ్మ మళ్ళీ అదే మాట అనేసరికి, కరుణశ్రీ చేతిలోని కొబ్బరినూనె గిన్నె నేలమీద పెట్టేసింది.

“అమ్మా, వదిన కాలివేలు వాచి కమిలిపోతా ఉండాది చూడు. కాన్పయినాక మళ్ళీ పెట్టుకుంటాది.”

“మీ అన్న సాయి లారీ తోలుకోని మద్రాసుకు పోయినాడు. మొగుడు రోడ్డుమీద ఉండంగా పెళ్ళాం మట్టెలు తీస్తారంటనే? నీ నర్సింగు చదువు ఇదేనా నేర్పింది? నువ్వు కడుపులో ఉన్నప్పుడు నా కాళ్ళు రోకళ్ళ మాదిరి వాచినాయి. గొర్రెల ఎనకాల తిరగలా నేను?”

“తల్లీకూతుళ్ళు మట్టెల పంచాయితీ తెంచేలోగా నాకింత సంగటి పెడతారా, పెట్టరా?” అన్నాడు సిద్ధయ్య కంచం ముందు కూర్చుని.

గోడకానుకుని కూర్చున్న రజిత మామ మాటకు నవ్వింది. నవ్వుతూనే నుదురు నొక్కుకుంది. ఆమెకు తొమ్మిదో నెల. ఏడో నెలలోనే పుట్టింటికి పోవాల్సిన ప్రయాణం అక్కడ మైల పడి ఆగింది. రేపు పొద్దున దుత్తలూరు అవతలి పల్లె నుంచి వాళ్ళమ్మ కారు తీసుకుని వస్తోంది.

“తలనొప్పా వదినా?”

“పొద్దుట్నుంచీ. కళ్ళముందర ఏందో మినుకుమినుకుమంటా ఉండాది. నిద్ర చాలక లే.”

కరుణశ్రీ చప్పున తలెత్తి వదినను చూసింది. పోయిన నెల ఆత్మకూరులో ప్రసూతి వార్డు డ్యూటీలో ఒకామె నవ్వుతూ ఇదే మాట అంది. స్టాఫ్ నర్సు బీపీ పట్టీ చుట్టేలోపే ఫిట్స్ వచ్చి కొయ్యబారిపోయింది. తల్లీబిడ్డా దక్కారు గాని, ఆమె భుజాలు పట్టుకుని నిలబడిన కరుణశ్రీకి ఆ రోజు అన్నం సయించలేదు.

సంచిలోంచి బీపీ మిషను తెచ్చి చుట్టింది. నమ్మలేక కాసేపాగి ఇంకోసారి చూసింది. రెండుసార్లూ పై అంకె నూట అరవై దాటింది.

“అమ్మా, వదినను పల్లెకు పంపొద్దు. ఇప్పుడే ఉదయగిరి ఆస్పత్రికి పోవాల.”

“చాల్లే! రేపు తోలకపోతే, కోడల్ని పుట్టింటికి పంపలేదని వియ్యపురాలు ఊరంతా చాటుతాది. ఉదయగిరిలో చూపిస్తే ఆత్మకూరు తోలతారు, ఆడ కడుపు కోస్తారు. అట్టా కోపిచ్చినావేందని సాయి నన్నడగడా?” అడుగుతూనే చెంచమ్మ ఒకసారి కోడలి పొట్ట వైపు, ఒకసారి వీధి వైపు చూసింది. అమ్మది కోపం కాదు, భయమని కరుణశ్రీకి అప్పుడు తెలిసింది.

సంగటి తింటున్న సిద్ధయ్య ఎడంచేత్తో కొడుక్కి ఫోను కలిపాడు. సాయికిరణ్ ఫోను పలకలేదు.

అందరూ అందరినీ అడుగుతున్నారు. రజితను అడిగినవాళ్ళు లేరు. చుట్టాలతో వాదించే ముందు బిడ్డను మోస్తున్న మనిషికి చెప్పండమ్మా అని క్లాసులో మేడం ఎన్నిసార్లు చెప్పిందో! కరుణశ్రీ వదిన ముందు కూర్చుని చెయ్యి పట్టుకుంది.

“వదినా, నీకు బీపీ శానా ఎక్కువుండాది. ఈ వాపు, తలనొప్పి, ఆ మినుకులు దానివల్లే. ఇట్నే వదిలేస్తే ఫిట్స్ రావచ్చు. నీకూ కష్టం, బిడ్డకూ కష్టం. ఆస్పత్రిలో దానికి మందుండాది. పల్లెలో నొప్పులొస్తే నేనుండీ ఏమీ చెయ్యలేను.”

“ఆపరేషన్ చేస్తారా?”

“చెయ్యొచ్చు. చెయ్యరని అబద్ధం చెప్పను.”

రజిత కళ్ళు నిండాయి. “మా అమ్మ పందిరిమంచం కూడా బాగుచేయించి పెట్టినాది కరుణా.” ఆ మాట అనేసి, మళ్ళీ తనే అడిగింది, “నువ్వు నా పక్కన ఉంటావా?”

“ఉంటా. లోపలికి రానీకపోతే తలుపుకాడ ఉంటా.”

 రజిత పైటకొంగుతో మొహం తుడుచుకుని, గోడ పట్టుకుని లేచింది. చెంచమ్మ సంగటి తెడ్డు కుండలో పెట్టి ఇటు తిరిగింది.

“అత్తా, మామా,” అంది రజిత, గొంతు పెంచకుండానే. “నేను ఇప్పుడే ఉదయగిరి ఆస్పత్రికి పోతా ఉండా. వాళ్ళు ఆత్మకూరు పొమ్మంటే ఆడికే పోతా. కాన్పు ఆస్పత్రిలోనే. మా అమ్మకు నేనే చెప్పుకుంటా.”