వేణ్నీళ్లక్క

కిటికీ అద్దం మీద వాన.

పాయలు పాయలుగా దిగుతోంది. రెండు పాయలు కలుస్తాయి... కలిసినట్టే ఉండి, విడిపోతాయి.

మంచం పక్కన బకెట్టు. బకెట్లోంచి ఆవిరి.

"బుధవారం కదమ్మా," అంది ఆయా, నొచ్చుకుంటూ. "అలవాటు కొద్దీ కాచి తెచ్చేశాను."

ముంచి పోసే మనిషి లేదు. అమ్మ కిందటి నెలలో పోయింది.

ఈ ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో అమ్మని ఎవరూ పేరుతో పిలవలేదు. వేణ్నీళ్లక్క — అంతే. మంచం దిగలేనివాళ్లకి తల రుద్ది పోసేది. జీతం లేదు. రమ్మన్నవాళ్లు లేరు. తనంతట తనే వచ్చేది. వాళ్ల మెడ కింద రబ్బరు గుడ్డ, తల మంచం అంచున, కింద తొట్టి. మొదటి చెంబు తన పాదం మీద ఒంపుకునేది. వేడి సరిపోయిందంటేనే వాళ్ల తల మీద.

మాకూ అంతే. అక్కకీ, నాకూ. ముందు తన పాదం, తరవాత మా తల.

అమ్మ పాదం నాకెప్పుడూ తడిగానే గుర్తు.

ఆమె చెంబూ దువ్వెనా ఇక్కడే ఉండిపోయాయంటే వచ్చాను. తీసుకుని వెళ్లిపోదామనే వచ్చాను. కుర్చీ తుడుచుకుని కూర్చున్నాను.

"చిన్నదే," అంది తలుపు పక్క మంచం మీది ముసలావిడ. "కుర్చీ తుడిచింది చూడు."

"బల్లి కనబడితే బల్ల ఎక్కేది ఈ పిల్లేనా?" ఇంకో మంచం.

"కాదు, అది పెద్దది. ఈ పిల్ల పాలు పొయ్యి మీద పెట్టి పుస్తకం చదువుకునే రకం. ఎన్ని గిన్నెలు మాడ్చావే తల్లీ?"

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.

బుధవారం వస్తే అమ్మ మమ్మల్ని ఇంట్లో వదిలేసి వెళ్లేదనుకున్నాం ఇన్నాళ్లూ.

మాటల్లో వెంట తెచ్చుకునేదన్నమాట.

నవ్వనిది ఒక్కావిడే. మూల మంచం మీద, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దర్జీ. పక్షవాతం కుడి చేతిని పట్టుకుంది. ఆ చెయ్యి రొమ్ముకి ఆనించి, గుప్పిట బిగించి...

"మీ అమ్మగారు పోయిన కబురు విన్నప్పట్నుంచీ ఆ గుప్పిట విప్పడం లేదు," అంది నర్సు, గొంతు తగ్గించి. "సోమవారం పెద్ద డాక్టరుగారు చూస్తారు. వేళ్లు ఆడితే తన గదికి, తన మిషను దగ్గరికి వెళ్లిపోతుంది. ఆడకపోతే దిక్కులేనివాళ్ల ఆశ్రమానికి రాసేస్తారు. చూసుకునేవాళ్లెవరూ లేరు మరి."

మొదట్లో నొక్కమని రబ్బరు బంతి ఇచ్చారట. విసిరికొట్టిందట.

అప్పుడు అమ్మ తన జడ విప్పుకుని ఆమె ముందు వీపు పెట్టి కూర్చుందట. దర్జీకి బంతి ఇస్తే ఏం చేసుకుంటుంది, అల్లడానికి ఏదైనా ఇవ్వాలి గానీ — అందట.

ఆయా తెచ్చి నా చేతిలో పెట్టిన దువ్వెన బరువెక్కింది.

బుధవారం సాయంత్రాలు... ఇంటికొచ్చిన అమ్మ వీపు మీద వంకర జడ. ఒకచోట లావు, ఒకచోట సన్నం, కొస ఎడమ భుజం మీదికి. అక్క పగలబడి నవ్వేది. "నీ జడ తాగి వచ్చిందేమిటే అమ్మా!" అమ్మ కూడా నవ్వేది. విప్పమంటే విప్పేది కాదు. దానితోనే వండేది, దానితోనే మాకు వడ్డించేది, దానితోనే పడుకునేది.

ఎందుకో చెప్పలేదు. మేమూ అడగలేదు.

వాన పెద్దదైంది.

నేను లేచాను. వెళ్లడానికే లేచాను — కాళ్లు మూల మంచం దగ్గరికి తీసుకెళ్లాయి. మంచం అంచున కూర్చున్నాను. వీపు ఆమె వైపు. క్లిప్పు తీసేశాను. జుట్టు భుజాల దాకా వచ్చి ఆగిపోయింది.

ఏమీ జరగలేదు.

తరవాత దిండు మీద తల ఇటు తిరిగిన చప్పుడు.

"ఎవరే ఇలా కోసింది?" వెనక నుంచి గొంతు. "మేక మేసిందా?"

"పార్లర్లో అత్తా. మంచి కత్తెరే."

"కత్తెర మంచిదే. చెయ్యే... మంచిది కాదు." మాటలు మెల్లిగా, ఒకవైపు నుంచే వస్తున్నాయి. "మీ అమ్మ జుట్టయితే పట్టుకి దొరికేది. ఇదేం దొరుకుతుంది?"

"దొరక్కపోతే లాగు."

మంచం కిర్రుమంది. ఆమె ఇటు తిరుగుతోంది. ఆయా పరుగున వచ్చి వీపు వెనక దిండు పెట్టింది.

నా మెడ మీద ఏదో చల్లగా తగిలింది. వేలు. ఒక్క వేలు.

ఆగింది.

తరవాత ఇంకోటి. జుట్టుని మూడు పాయలు చెయ్యాలని చూస్తోంది — రెండవుతోంది, జారిపోతోంది. మళ్లీ. లాగితే కుదుళ్లు చురుక్కుమన్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల కదపలేదు.

అమ్మకీ ఇలాగే నొప్పి పుట్టి ఉంటుంది.

"సోమవారంలోపు ఈ చెయ్యి దారికి రాదు," అంది ఆమె.

"రేపు కూడా వస్తాను అత్తా."

"రేపు బుధవారం కాదుగా."

నేను తల ఇంకాస్త వెనక్కి వంచాను. ఆమె వేళ్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాయి.

ఎదురుగా అద్దం మీద వాన... ఒక పాయ ఇంకో పాయని వెతుక్కుంటూ దిగుతోంది.