దానిమ్మ గింజలు కావు

లాండ్రీ వెనక గదిలో రఫూ అక్క బల్ల ఉంటుంది. చిరిగిన కోటు వస్తే దాని లోపలి మడతలోంచి దారం లాగి, ఆ దారంతోనే చిరుగు మీద నేత వేస్తుంది. పని కుదిరితే చిరుగు ఎక్కడుండేదో కోటు తొడుక్కునే మనిషికే తెలియదు. లాండ్రీలో అందరికీ ఆమె రఫూ అక్క. ఇంట్లో అన్న భార్యకు మాత్రం అమ్మాయ్. యాభై దాటినా అమ్మాయే.

కిందటి సెలవుల్లో ఆమె మొదటిసారి ఒంటరిగా ప్రయాణం కట్టింది. సముద్రం చూసి రావాలని. వదిన అడ్డం పడింది.

“ఒక్కదానివి ఎలా వెళ్తావమ్మాయ్? దారిలో ఏమన్నా అయితే మీ అన్న నన్నంటాడు.”

అన్న పేపర్లోంచి తల ఎత్తలేదు. ఆ ఇంట్లో ఏమన్నా అనేది వదినే.

సముద్రానికి ఇవతలే వంతెన మూసేశారు. బస్సు చుట్టుదారి పట్టింది. దారిలో ఒక ఊళ్లో ఇంజన్ ఆగిపోయింది. సాయంత్రానికి గానీ కదలదని డ్రైవర్ చెప్పాడు. బస్టాండుకు ఎదురుగా లాడ్జి ఉంది. ఆమె సాయంత్రం వరకు గది తీసుకుంది.

గదికి కిటికీ లేదు. సబ్బుకి ఎవరివో వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. దిండు మీద తలనూనె మరక ఉంది. తిప్పి చూస్తే అటువైపూ అదే. ఆమె దిండు మీద తన తువ్వాలు పరిచి, లైటు ఆర్పి పడుకుంది.

దురదకు మెలకువ వచ్చింది. లైటు వేసింది. దుప్పటి మీద నల్లులు. కొన్ని పరుపు కుట్లలోకి పాకుతున్నాయి. కొన్ని ఆమె ఒంటి కింద నలిగి, నలిగిన చోటే అతుక్కుని ఉన్నాయి. మెడ మీద ఒకటి తగిలితే నలిపింది. వేలికి రక్తం అయింది. ఆ రక్తం తనదేనా, లేక తనకు ముందు ఆ మంచం మీద పడుకున్నవాడిదా? వేలికి నల్లి కంపు పట్టింది. కడుక్కోవాలంటే ఉన్నది ఆ సబ్బు. పంపు కింద వేలు గోడకేసి రుద్దుకుంది.

దుప్పటి తీసుకెళ్లి కౌంటరు మీద పరిచింది. బస్సులోవాళ్లు కొందరు అక్కడే టీ తాగుతున్నారు.

“మా లాడ్జిలో నల్లులా?” అన్నాడు మేనేజరు. “మీ బ్యాగులోంచి వచ్చుంటాయి, చూసుకోండమ్మా.”

“నా బ్యాగులోంచా?”

“ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్లు ఎక్కడెక్కడ పడుకుని వస్తారో మాకేం తెలుసు? బంగారంలాంటి పరుపు. ఇప్పుడు దాన్ని మేమేం చేసుకోవాలి?”

టీ తాగుతున్నవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. పొద్దుటినుంచి పక్క సీట్లో కూర్చుని తన మనవళ్ల కబుర్లన్నీ చెప్పిన పెద్దావిడ గ్లాసు పట్టుకుని అవతలికి జరిగింది. సాయంత్రం బస్సు కదిలింది. నిలబడి ప్రయాణం చేసినవాళ్లున్నారు. రఫూ అక్క పక్క సీటు మాత్రం ఖాళీగానే ఉంది.

సముద్రం చూసింది. చూసిందంటే చూసింది, అంతే. ఇంటికొచ్చి వదినతో “బాగుంది” అని చెప్పింది. నల్లుల మాట ఎత్తలేదు. ఎత్తితే ఇంకోసారి గడప దాటనివ్వదు.

తర్వాత ఒక తెల్ల దుప్పటి కొని కుట్టడం మొదలుపెట్టింది. దారాలు కోట్ల పనిలో మిగిలినవే: ఎరుపు, ఇటుక రంగు, కాఫీ రంగు. సూదికి దారం చుట్టి వేసే ముడి ఒక్కోటి ఒక్కో నల్లి. ముడి బిగుసుకుంటే విప్పి మళ్లీ వేసింది, రక్తం తాగిన నల్లి పొట్ట అలా ఉండదని. నలిగిన నల్లులకు దారం ఒక పక్కకు సాగదీసి కుట్టింది. నడుమ తన ఒంటి మేర ఖాళీ వదిలింది.

కోటు కోసం లాండ్రీకి వచ్చిన డ్రాయింగు మాస్టారు దాన్ని చూశాడు. లైబ్రరీ హాల్లో ఏటా చేతిపనుల ప్రదర్శన పెట్టేది ఆయనే.

“అబ్బ! దానిమ్మ గింజలు ఒలిచి పోశావు కదక్కా! ఎదురు గోడ నీదే. తలుపు తీయగానే ఇదే కనపడాలి.”

“అలాగే మాస్టారూ,” అంది. ఇన్నేళ్లూ చేసింది కనపడకుండా ఉండే పని. ఇది గోడ మీద చూడాలని ఉంది. నల్లులంటే గోడ దక్కదు.

ప్రదర్శన రోజు దుప్పటి పక్కన ‘దానిమ్మ గింజలు’ అని కార్డు పెట్టారు. వచ్చినవాళ్లు ముడులను వేళ్లతో తడిమారు. చూస్తుంటే నోరూరుతోందని ఒకాయన అన్నాడు. రఫూ అక్క తల తిప్పుకుంది.

వదిన తన చెల్లెళ్లను వెంటబెట్టుకొచ్చింది.

“మా ఆడపడుచే! ఊరికే కూర్చోకమ్మాయ్, ఏదో ఒకటి కుట్టు అని నేనే పోరాను.” దుప్పటి అంచు ఎత్తి చెంపకు ఆనించుకుంది. “ఎంత మెత్తగా ఉందో! ఇదవగానే మా మంచం మీద పరుస్తా.”

రఫూ అక్క నోట్లో నీళ్లు ఊరాయి, వాంతికి ముందు ఊరే నీళ్లు.

“వదినా, అవి నల్లులు.”

“ఏవే?”

“నీ చెంప కింద ఉన్నవి. సముద్రానికి వెళ్తూ దారిలో ఒక లాడ్జిలో దిగాను. మధ్యలో ఖాళీ ఉందే, అది నేను పడుకున్న చోటు. ఇటు పక్కవి నేను ఒత్తిగిల్లినప్పుడు నలిగినవి.”

“ఛీ! ఛీ!” వదిన అంచు వదిలేసి చెంప తుడుచుకుంది. “ఆ బ్యాగు తెచ్చి మా ఇంట్లో పెట్టావా! నా పరుపులు!”

“వదినా, ఇది దారం.”

“దారమో దరిద్రమో! ఇంక నువ్వు ఒక్కదానివి ఎక్కడికీ వెళ్లేది లేదు.”

“వచ్చే నెల వెళ్తున్నా. సముద్రం సరిగ్గా చూడలేదు.”

వదిన చెల్లెళ్లలో ఒకావిడ మెడ గోక్కుంది. అది చూసి వదిన మోచేయి గోక్కుంది. ముగ్గురూ పరుపులు ఎండలో వేయాలంటూ బయల్దేరారు.

పక్కనే నిలబడి విన్న మాస్టారు గొంతు తగ్గించాడు. “ఏంటక్కా ఇది? పువ్వులు లేవా, పిట్టలు లేవా?”

“నన్ను కరిచినవి పిట్టలు కావు మాస్టారూ.”

“సరే, విన్నది మీవాళ్లే. కార్డు అలాగే ఉండనిద్దాం.”

“మార్చండి.”

“మారిస్తే ఇక్కడ ఉంచలేను. వచ్చినవాళ్లకు పక్కనే భోజనాలు పెడుతున్నాం.”

“ఎక్కడ ఉంచుతారో అక్కడే ఉంచండి.”

పొద్దున దాన్ని భుజాన వేసుకొచ్చి తగిలించింది ఆయనే. ఇప్పుడు రెండు వేళ్లతో పట్టుకుని దించాడు. చేతులు కడుక్కునే చోటికి పోయే నడవలో ఒక మేకు చూపించాడు. రఫూ అక్క దుప్పటి తగిలించి, కార్డు వెనక్కి తిప్పి ‘లాడ్జి గదిలో నల్లులు’ అని రాసి పెట్టింది.

భోజనం చేసినవాళ్లు రావడం మొదలైంది. ఒక లావుపాటాయన చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ కార్డు చదివాడు. దగ్గరికి వంగి చూశాడు. వెనక్కి వెళ్లి మోచేతులదాకా సబ్బు రాసుకుని మళ్లీ కడుక్కున్నాడు.

“కంపు కూడా కొడుతోందండీ,” అన్నాడు.

“కొట్టదండీ. దారమే.”

“కొడుతోంది. నాకు తెలుసు ఆ కంపు.”

వీపు గోక్కుంటూ హాల్లోకి పోయాడు. కాసేపటికి భార్యను చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

“చూడు,” అన్నాడు. “ఛీ. దగ్గరికెళ్లి చూడు.”