జవాబుతో వచ్చే ప్రశ్నలు

"నీకేం శ్రమ లేదు కదమ్మా, పెసరట్లే కదా," అంది కనకరత్నం వంటింటి గడప అవతల నిలబడి. అత్తగారి గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. "లేదండీ," అంది పద్మప్రియ. అప్పటికే అల్లం పచ్చడి నూరింది, ఉప్మా దించింది, కారియరు సర్దింది. శ్రమ ఉందని అంటే ఆ గడప దగ్గర ఎంతసేపు సంజాయిషీ చెప్పుకోవాలో ఆమెకి తెలుసు. లేదనడమే తక్కువ శ్రమ.

భర్త హేమంత్‌కుమార్ బూట్లు తొడుక్కుంటూ, "వైజాగ్ మానేస్తానన్నావు కదా, అత్తిలి పెదనాన్నకి కూడా చెప్పేశాను. సాయంత్రం వస్తున్నారు," అన్నాడు.

ఫోరెన్సిక్ సైకాలజీ పీజీలో ఆమెకిది ఆఖరి ఏడు. నేరం మోపబడ్డ మనిషి ఎదురుగా కూర్చుని, ఆ మనసులో ఏముందో కోర్టుకి అర్థమయ్యేలా చెప్పే చదువు. వైజాగ్ ఆసుపత్రిలో మూడు నెలల శిక్షణ లేకపోతే పట్టా లేదు. వెళ్తుందో లేదో ఇవాళే కాలేజీ మేడమ్‌కి చెప్పాలి. "అన్నానా?" అని అడగబోయేలోపు భర్త బండి వీధి మలుపు తిరిగింది.

తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూలబడింది. బయట మంచు. చేను ఎక్కడ ఆగి చెరువు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కొంగలు ఆ తెలుపులోంచి ఊడిపడి మళ్లీ ఆ తెలుపులోకే పోతున్నాయి. రైలు ఊపుకి కళ్లు మూతలు పడ్డాయి. అన్నానా? ఎక్కడ అన్నాను? పెంటపాడు పెళ్లి నుంచి బండి మీద వస్తూ, ఆయన వీపుకి చెంప ఆనించి అన్నానా? మేడ మీద బట్టలు తీస్తూ అన్నానా? పూళ్ల దాటేసరికి ఆ మేడ కనిపించింది, తీగ మీద దుప్పటి కనిపించింది, దుప్పటి వెనక నుంచి తన గొంతే "మానేస్తాలెండి" అనడం వినిపించింది. ఎంత అణకువగా ఉందో ఆ గొంతు. భీమడోలు వచ్చేసరికి దుప్పటిని కదిపిన గాలి కూడా గుర్తొచ్చింది. ఏలూరులో దిగేటప్పటికి ఇక సందేహమే లేదు. తనే అంది. పాపం, ఆయన తప్పేముంది.

ఏలూరు జైల్లో ఆడవాళ్ల వైపు ఒక చిన్న గది. గోడవార కుర్చీలో విజయకుమారి మేడమ్ కూర్చుంది. ఇవాళ ప్రశ్నలు పద్మప్రియవి. ఎదురుగా నాగరత్నం, కొల్లేరు పక్క చేపల చెరువులో మేత కట్టే మనిషి. పడవ మీద వెళ్లి, చిల్లులున్న సంచుల్లో తవుడు నింపి కర్రలకి వేలాడదీయడం ఆమె పని. ఒకనాడు పొద్దున్న చెరువు నిండా చేపలు చచ్చి తేలాయి. మేతలో పురుగుల మందు కలిపానని ఊరందరి ముందూ ఒప్పుకుంది.

మేడమ్ నేర్పింది ఒక్కటే. జవాబు నువ్వే అందించి ప్రశ్న అడక్కు, అడిగాక నోరు మూసుకో.

"ఆ పొద్దున్న ఏం జరిగిందో మీకు గుర్తున్నట్టు చెప్పండి," అని పద్మప్రియ ఊరుకుంది. కిటికీ ఎండలో నలకలు తేలుతున్నాయి.

"ముసురండి," అంది నాగరత్నం చివరికి. "చేపలు గాలాడక పైకొచ్చేసి నోళ్లు తెరుస్తన్నాయండి. నేనే పరిగెత్తుకెళ్లి చెప్పానండి."

"తర్వాత?"

"నువ్వే కదే కలిపింది అని చెరువు రైతు అందర్లో అడిగారండి. అవునండి అన్నాను. నలుగుర్లో పెద్దోళ్ల మాట కాదనకూడదు కదండి. సాయంత్రం ఆళ్లింటికెళ్లి నెమ్మదిగా చెప్పుకుందామనుకున్నాను." అరచేతులు తిప్పి చూసుకుంది. "సాయంత్రానికి జీపొచ్చేసిందండి. ఇప్పుడు అందరూ అడిగీ అడిగీ, కలిపానేమో అనిపిస్తందండి. మందు సీసా కూడా కనపడతంది."

లేని సీసా అలా చేతిలోకి ఎలా వస్తుందో పద్మప్రియకి తెలుసు. పొద్దున రైల్లో దుప్పటి అలాగే వచ్చింది. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది.

బయట వరండాలో మేడమ్, "వైజాగ్ సంగతేం చేశావు?" అని అడిగి ఊరుకుంది. ఇంట్లో ఎవరూ ఆమెకి అంత ఖాళీ వదలరు. ఆ ఖాళీలోకి అసలు జరిగింది మెల్లగా పైకి తేలింది. అందులో మేడా లేదు, దుప్పటీ లేదు.

"వెళ్తాను మేడమ్."

"ఇంట్లో చెప్పావా?"

"చెప్పాలండీ."

సాయంత్రం హాల్లో అత్తిలి నుంచి వచ్చిన పెదమావగారు దుర్గారావు గారు కూర్చుని ఉన్నారు. పద్మప్రియ కాఫీలు తెచ్చింది. "వైజాగ్ మానేశావంట కదమ్మా. నువ్వే అన్నావంట. మంచి పని," అన్నారు ఆయన. కనకరత్నం నవ్వింది. హేమంత్‌కుమార్ కాఫీ ఊదుకుంటున్నాడు. అతని ముఖంలో అబద్ధమేమీ లేదు. నిజంగానే నమ్ముతున్నాడు, అదే భయమేసింది ఆమెకి. లోపలికి వెళ్లాక, మంచి సమయం చూసి, మెల్లగా చెప్పుకోవచ్చు. ఇన్నేళ్లూ అన్నీ అలాగే చెప్పుకుంది, ఒక్కటీ చెల్లలేదు. ఖాళీ పళ్లెం బల్ల మీద పెట్టింది.

"నేను అలా అనలేదండీ, మావయ్యగారూ," అంది నలుగురిలోనే. "వైజాగ్ మానేస్తావు కదా అని ఆయన అడిగినప్పుడు నేను గంజి వారుస్తున్నాను. చేతుల మీద ఆవిరి కొట్టి మాట్లాడలేదు. దాన్నే ఆయన అవుననుకున్నారు."