వాలు అక్షరాల్లో చివరి ఎఫ్

మావయ్యగారు అక్షరాలు బిగించిన ఇనుప చట్రాన్ని అచ్చు మిషన్‌లో పెడుతుంటే చూశాను. మొదటి వరసలో ఎఫ్, ఎల్ విడివిడిగా, ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడి ఉన్నాయి.

మా ప్రెస్సులో తక్కిన సీసం అక్షరాలన్నీ నిటారుగా, బుద్ధిగా నిలబడతాయి. ఈ వాలు అక్షరాలు మాత్రం కొత్త పెళ్లికూతుళ్లు. చేతిరాతలా ఒయ్యారంగా వాలతాయి, ముట్టుకుంటే మాసిపోయే రకం. ఎఫ్ తల దాని దిమ్మ దాటి పక్కదాని మీదకు వంగి ఉంటుంది. పక్కన పొట్టి అక్షరం ఉంటే సరే. ఎల్ లాంటి పొడుగుది ఉంటే ఒక్క నొక్కుకే ఆ తల విరిగిపోతుంది. అందుకని ఆ రెండూ కలిపి పోసిన జంట అక్షరం వేరే ఉంది. మావయ్యగారికి ఇది తెలియదా? నాకు నేర్పిందే ఆయన!

మాకు మిగిలింది ఒక్కటే విడి ఎఫ్. ఈ వాలు అక్షరాలు పోతపోసే కంపెనీ మూతపడి ఏళ్లయింది. ఇది విరిగితే, ఎదురుగా బల్ల మీద కూర్చున్న డాక్టరుగారి పుస్తకం ఆగిపోయినట్టే. పోయిన భార్య ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలవి. ఆవిడ రాత ఇలాగే వాలేదట. ప్రతి ఉత్తరం పైనా శీర్షిక ఈ అక్షరాల్లోనే కావాలని ఆయన పట్టుబట్టారు.

"మావయ్యగారూ, ఆగండి. మొదటి వరస ఒక్కసారి చూడండి."

"నలభై ఏళ్లుగా చూస్తూనే ఉన్నా. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట!"

డాక్టరుగారు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మావయ్యగారి కాలు పెడల్ తొక్కింది, చక్రం కదిలింది. రెండు చేతులతో దాన్ని పట్టి ఆపాను. అరచేతి చర్మం లేచిపోయింది.

"పిచ్చా నీకు? చెయ్యి పోయేది!"

"పోతే పోయింది. జంట అక్షరం ఎందుకు పెట్టలేదు మీరు?"

ఆయన గోడ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "అరలో చెయ్యి పెడితే ఖాళీగా తగిలింది."

"పోయిన వారం దులుపుతూ పక్క అరలోకి మార్చాను. ఎదురుగా కనిపిస్తూనే ఉందిగా! నన్నడిగితే..."

"అడిగితే నీకు తెలిసిపోదూ?"

నా వైపు తిరిగారు. ఆయన చూపు నా ముఖం మీద లేదు, చెవి పక్కన ఎక్కడో ఆగి ఉంది. ఎన్నాళ్ల నుంచి వేళ్లతోనే అక్షరాలు ఏరుతున్నారో! ఆ ఒక్క మాట అడగలేక, ప్రాణంలా చూసుకున్న ఎఫ్‌ను పణంగా పెట్టారు. అలాంటి మనిషి మీద అరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏమైందమ్మా?" డాక్టరుగారు లేచారు.

"తప్పు నాదండీ," అన్నాను గట్టిగా. "చెప్పకుండా అక్షరాలు మార్చేశాను. పది నిమిషాలు కూర్చోండి."

మావయ్యగారి చెయ్యి పట్టుకుని పక్క అరలో పెట్టాను. వేళ్లు జంట అక్షరాన్ని తడిమి గుర్తుపట్టాయి. ఆయన దాన్ని తీయలేదు, నా చెయ్యీ వదల్లేదు.

"ఇంకా ఏమేం మార్చావో చెప్పమ్మా," అన్నారు మెల్లగా. "నిన్న మెట్ల మీద పడబోయాను."

మెట్ల మీద కాగితం కట్టలు పెట్టింది నేనే.