చెంచాడు నీళ్ల వేడి

కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా రిటైరైన సోమేశ్వరరావుకు గొంతు క్యాన్సర్. కూకట్‌పల్లి నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రోలో వెళ్లి రేడియేషన్ పెట్టించుకునేవాడు. ఆ రేడియేషన్‌కే గొంతు పుండై మంచినీళ్లు కూడా దిగని రోజున, ఇక రానని చెప్పేయడానికే ఆసుపత్రికి వెళ్లాడు. చెప్పేముందు అక్కడ రేడియేషన్ డోసులు లెక్కకట్టే ఫిజిసిస్టు దేవిశ్రీని అడిగాడు.

“మొత్తం మీద నా ఒంట్లోకి ఎంత శక్తి దిగుతుందమ్మా?”

ఒక్కో భాగానికి అందే డోసును దాని బరువుతో గుణించి, అన్నీ కూడిందామె.

“ఆ శక్తితో చెంచాడు నీళ్లు గోరువెచ్చనవుతాయండి.”

“అంతేనా?”

“అంతేనండి. కాకపోతే అది కణాల లోపల డీఎన్ఏను తెంపుతుంది.”

ఆయనకు చిన్నతనంగా అనిపించింది. చెంచాడు నీళ్లకు జడిసి వైద్యం మానేశానని భార్య నాగేశ్వరికి ఎలా చెప్పడం? చొక్కా విప్పి, వెళ్లి బల్లమీద పడుకున్నాడు.