పిడి లేని బాకు

బార్నబీ స్నెల్ లండన్‌కు వచ్చిన నాడు అతని దగ్గరున్న సరుకు మూడే మూడు: జింక కొమ్ము పిడి ఉన్న బాకు ఒకటి, జ్వరం తినగా మిగిలిన బొంగురు గొంతు ఒకటి, ఆంబ్రోజ్ లేక్ అనే మనిషిని చంపితీరాలన్న పగ ఒకటి. పద్నాలుగేళ్ల తర్వాత ఈ మంగళవారం ఉదయం, సౌత్‌వార్క్ కబేళా గుమ్మంలో రక్తపు కుండ మీదికి వంగి వాసన చూస్తున్నప్పుడు కూడా ఆ మూడూ అతని దగ్గరే ఉన్నాయి. కాకపోతే మూడోదాన్ని బయటికి తీసి చూసుకుని చాలా కాలమైంది.

"ఇది గొర్రెదేనా?" అని అడిగాడు.

"నీ మీద ఒట్టు," అన్నాడు కసాయి.

"నిన్నా నా మీదే ఒట్టేశావు. ఎద్దుది పోశావు."

"నిన్న గొర్రెలు రాలేదయ్యా. నన్ను కోసుకోమంటావా?"

"నిన్ను కోస్తే ఏం వస్తుంది, బీరు తప్ప?"

బార్నబీ కుండ ఎత్తుకుని నది ఒడ్డు వెంట నాటకశాల వైపు నడిచాడు. పొట్టి మనిషి, మెడ లేనట్టే ఉంటాడు. గోళ్ల చుట్టూ ఏ సబ్బుకూ పోని గోధుమ రంగు. దగ్గరికొస్తే వెనిగర్ వాసన. ఈ మధ్య పది అడుగులు వేస్తే ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. కుండను కుడి చంకలోకి మార్చుకుని, ఆగి, పడవ వాళ్లతో పరాచికాలాడి, మళ్లీ నడిచేవాడు. ఆగడం మాట్లాడడానికే అన్నట్టుగా.

నాటకశాలలో అతని పని చావులు. కిరీటాలు, పుర్రెలు, విషపు గిన్నెలు కూడా అతనే చూసుకుంటాడు గానీ అసలు విద్య రక్తం. గొర్రె రక్తంలో కాస్త వెనిగర్ కలిపి, పంది తిత్తిలో నింపి, నూలుదారంతో కట్టి, నటుడి చొక్కా కింద గుండె దగ్గర పెడతాడు. గొర్రె రక్తం పల్చన, చక్కగా పారుతుంది. ఎద్దు రక్తం అలా కాదు, గడ్డ కడుతుంది. నిన్న అదే జరిగింది.

"నిన్న నా గుండెలోంచి రక్తం రాలేదు, జున్ను రాలింది," అన్నాడు ఆంబ్రోజ్ లేక్ వేషాల గదిలోకి వస్తూనే. పొడుగాటి మనిషి, నెరిసిన గడ్డం, గది నిండిపోయే గొంతు. దుష్ట ప్రభువుల వేషాలన్నీ అతనివే. "ముందు వరసలో ఒకావిడ నవ్వింది. నేను చస్తుంటే!"

"మీరు బతికున్నప్పుడు నవ్వడం కంటే నయం కదా, అయ్యా," అన్నాడు బార్నబీ.

చొక్కాలు మడత పెడుతున్న చాకలి ఆనిస్ కిసుక్కున నవ్వింది. ఆంబ్రోజ్ చొక్కా ఆమెకు గర్వకారణం. నూటపాతికసార్లు పొడిచారట, నూలుపోగంత చిరుగు లేదట.

ఒకప్పుడు ఈ ఇద్దరూ ఒకే బండి మీద ఊళ్లు తిరిగిన నటులు. ఆ రోజుల్లో, తనను చంపినవాడి మీద పగ తీర్చమని కొడుకును అడిగే తండ్రి దయ్యం వేషం బార్నబీది. ప్లేగు ఏడాదిలో, దారిలో అతనికి మామూలు చలిజ్వరం వచ్చింది. "ప్లేగే, నేను మచ్చలు చూశాను," అని ఆంబ్రోజ్ అందరికీ చెప్పాడు. రాత్రికి రాత్రి బండి కదిలిపోయింది. గడ్డి కొట్టంలో బార్నబీ ఒంటరిగా పడి ఉన్నాడు. బతికి లేచేసరికి గొంతు లేదు, వేషం ఆంబ్రోజ్‌కు పోయింది.

చంపడానికే వచ్చి ఇక్కడ పనిలో చేరాడు. మొదటి నెల అదను దొరకలేదు. చలికాలంలో ఆంబ్రోజ్‌కు దగ్గు పట్టుకుంది. అదే తీసుకుపోయేటట్టుంటే తన చెయ్యెందుకు పాడుచేసుకోవాలి అనుకున్నాడు. వసంతంలో ఎనిమిది తిత్తుల నాటకం వచ్చిపడింది, తల గీరుకునే తీరిక లేదు. పైగా రోజూ గుమ్మం పక్కన నిలబడి చూసేవాడు: పగబట్టిన ప్రతి కథానాయకుడూ పిచ్చివాడిలా నటిస్తాడు, పుర్రెలతో మాట్లాడతాడు, ఆఖరి అంకంలో పగ తీర్చుకుంటాడు, ఆ శవాల మీదే తనూ పడతాడు. ఒక్కడంటే ఒక్కడు సాయంత్రం భోజనానికి ఇంటికి పోయిన పాపాన పోలేదు. బార్నబీ ఎటు లెక్కేసి చూసినా ఆ బేరం గిట్టుబాటు కాలేదు. అయినా బాకును పెట్టె అడుగునే ఉంచాడు. రెండు వారాలకోసారి నూరేవాడు కూడా.

మూడోసారి బూర ఊదారు. నాటకం మొదలైంది.

నాలుగు అంకాలు బాగానే నడిచాయి. అయిదో అంకానికి ముందు, పొడవగానే ఇనుప అలుగు పిడిలోకి జారిపోయే నాటకపు బాకును బార్నబీ తీసి చూశాడు. అలుగు లోపలే ఉండిపోయింది. విదిలించాడు, రాలేదు. గుంజకేసి కొట్టాడు, రాలేదు. నిన్నటి ఎద్దు రక్తం పిడి లోపలికి కారి రాయిలా గట్టిపడింది. పైపైన కడిగాడు తప్ప లోపల కడగలేదు.

కథానాయకుడు రోలండ్ క్విక్ పరుగున వచ్చాడు. వాడికి నటించడం అంతగా రాదు, పొడవడం మాత్రం మనసారా పొడుస్తాడు.

"బాకేది బాబాయ్? దయ్యం మాట్లాడ్డం అవగానే నేను పోవాలి."

"అది పట్టేసింది."

క్విక్ పెట్టెలో చెయ్యి పెట్టి కెలికి, కొమ్ము పిడి బాకు పైకి తీశాడు. "ఇదుందిగా! మొద్దుదేనా?"

ఒక్క మాట. "మొద్దుదే" అంటే చాలు. క్విక్ పొడుస్తాడు, ఆంబ్రోజ్ పడతాడు, జనం చప్పట్లు కొడతారు. తప్పు ఎద్దుది. పద్నాలుగేళ్లు ఎదురుచూసిన అదను తన కాళ్లతో తనే నడిచి వచ్చి, ఏం చెయ్యమంటావని అడుగుతోంది.

వేదిక మీద దయ్యం మాట్లాడుతోంది. ఆ మాటలన్నీ బార్నబీవే ఒకప్పుడు. ఇంకా ఎన్ని పంక్తులున్నాయో అతనికి తెలుసు.

"ఇటివ్వు," అన్నాడు. "అది మొద్దుది కాదు."

అలుగును తలుపు గుంజలోని సందులో, పిడికి రెండు వేళ్ల ఎడం మిగిలేదాకా దించి, ఒంటి బరువంతా వేసి వంచాడు. పిడి మొదట్లో టప్పున విరిగింది. పిడి చేతికొచ్చింది, అలుగు కొయ్యలోనే ఉండిపోయింది. ఎడమ చేతిలో ఏదో గట్టిగా పిండినట్టయింది. పట్టించుకోలేదు. మూల పడున్న దేవదూత రెక్క నుంచి తగరపు రేకు చీల్చి, రెండు మడతలు పెట్టి, మైనంతో పిడికి అంటించాడు.

"గట్టిగా పొడు. నలిగిపోతుంది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ప్రభువు గుండెలోంచి రక్తం మూడు అడుగుల దూరం చిమ్మింది. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు కెవ్వుమన్నారు. వరసగా ఆరు శవాలూ పడ్డాయి.

ఆట చివర నటులంతా కలిసి ఆడే గంతుల పాటకు డప్పు మొదలవుతుండగా ఆంబ్రోజ్ లోపలికి వచ్చాడు. చొక్కా ఎర్రగా తడిసి ఉంది. చేతిలో నలిగిన తగరంతో కొమ్ము పిడి.

"ఇది నీ బాకు కదూ?"

"అవును."

"అలుగేది?"

బార్నబీ తలుపు సందు చూపించాడు. ఆంబ్రోజ్ వెళ్లి బయటికి పొడుచుకొచ్చిన అలుగు కొసను వేలితో తడిమాడు.

"పెట్టె అడుగున ఇది ఉందని నాకు మొదటి ఏడే తెలుసు," అన్నాడు.

"తెలిసే రోజూ గుండె చూపించావా?"

"రోజూ ఇవాళే అనుకుంటూ చచ్చానురా. జనం నా నటనకే ఏడ్చారనుకున్నావా? సగం నీ బాకుకే." గొంతు తగ్గించాడు. "ఆ రోజు మచ్చలేమీ లేవు. నీ వేషం మీద కన్నేశాను."

"తెలుసు."

"మరిప్పుడు దీన్ని విరగ్గొట్టావు. రేపట్నుంచి నేనెలా చావాలి?"

"నటించు," అన్నాడు బార్నబీ. "ఈ వయసుకైనా నేర్చుకో."

ఆంబ్రోజ్ పగలబడి నవ్వాడు. బార్నబీ బొంగురు గొంతు అతనితో కలిసింది. వేదిక మీది నుంచి చచ్చినవాళ్లు ఆంబ్రోజ్‌ను కేకేశారు. అతను ఆ రక్తపు చొక్కాతోనే గంతులేయడానికి పరుగెత్తాడు.

బార్నబీ బీరు ముంత తీసుకుని కొయ్య సింహాసనంలో కూర్చున్నాడు. గోడ అవతల బల్లలు దద్దరిల్లుతున్నాయి. అడుగుల చప్పుడును బట్టి ఒక్కొక్కళ్లనీ లెక్కపెట్టాడు: విషం తాగిన రాణి, గొంతు కోసిన సేవకుడు, క్విక్, చివరికి బరువైన ఆంబ్రోజ్ అడుగు. ఆరుగురూ లేచారు.

చొక్కాల కోసం ఆనిస్ వచ్చేసరికి అతని గడ్డం గుండె మీద ఆనుకుని ఉంది. "చచ్చినవాళ్లంతా లేచి ఎగురుతుంటే నీకు నిద్రేంటయ్యా?" అని భుజం తట్టింది. ముంతలో సగం బీరు అలాగే ఉంది. ఒలకలేదు.

గురువారం బార్నబీ పాడెను ముందు వైపు ఆంబ్రోజ్ మోశాడు. తెచ్చుకున్న మూడింటిలో బార్నబీ వెంట తీసుకుపోయింది బొంగురు గొంతు ఒక్కటే. అతని చేతుల మీదుగా చచ్చినవాళ్లు వేలకు వేలు. అందరూ లేచి, గంతులేసి, భోజనానికి ఇళ్లకు పోయారు. అతని రాబడి అంతా అదే.

తలుపు సందులోని అలుగును పీకేస్తానని క్విక్ పట్టకారు తెచ్చాడు గానీ ఆనిస్ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఇప్పుడది ఆమెకు కొక్కెం. ఆట లేని రోజుల్లో దాని మీద ఆంబ్రోజ్ చొక్కా ఆరుతూ ఉంటుంది, ఉతికి, తెల్లగా, ఒక్క చిరుగైనా లేకుండా.