బండ వెనక నీళ్లు

దగ్గరికి జరగండి. ఆ చివర ఉన్నవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

ఒక దర్జీ ఉండేవాడు. ఆయన భార్య అదే కొట్లో కాజాలు కుట్టేది. శనివారం పొద్దున మాత్రం సూది పక్కన పెట్టి, ఊరి పక్క వాగులో పడవ నడపడం నేర్చుకోవడానికి వెళ్లేది. చిన్న వాగే. నురగలు కక్కుతూ రాళ్ల మధ్య పరిగెత్తుతుంది కానీ, పడితే నడుం లోతు. కొత్తవాళ్లందరికీ అదే బడి.

మధ్యలో ఒక పెద్ద బండ. దాని వెనక నీళ్లు కదలకుండా నిలుస్తాయి. అక్కడ చివరగా ఎవరు పడవ ఆపితే వాళ్ల రూపం, ఇంకొకరు వచ్చి వెళ్లేదాకా ఆ నీళ్లలో అలాగే ఉండిపోయేది. పడవ నేర్పే మాస్టారికి అదే నల్లబల్ల. ముందువాళ్లు తెడ్డు ఎక్కడ తప్పు పట్టుకున్నారో అందులో చూసుకోమనేవాడు. ఒక వారం ఆఖరున వెళ్లినవాళ్లు మరుసటి వారం ముందు వెళ్లాలని నియమం కూడా పెట్టాడు. ఒక శనివారం మూడుసార్లు బోల్తాపడి, దర్జీ భార్యే ఆఖరున వెళ్లింది.

దర్జీకి అనుమానం పట్టుకుంది. కొలత తీస్తుంటే ఆవిడ భుజాలు అరంగుళం పెరిగాయి. ఎవరికోసం? తువ్వాల్లో ఇసుక. మోచేతి మీద గీత. వంటగదిలో ఒంటరిగా ఉన్నప్పుడు సన్నగా ఈల. అన్నీ కలిపి కుట్టుకుంటూ పోయాడు. అడుగుదామంటే ధైర్యం లేదు. ఒకసారి సంచి వెతికి దొరికిపోతే, ఇంకోసారి నా వెనక ఇలా చూశారంటే నేనుండనని ఆవిడ చెప్పేసింది. చెప్పిందంటే చేసే మనిషి.

ఆవిడ ఆఖరున వెళ్లిన మర్నాడు, ఆదివారం, పాఠాలు లేవు. ఆవిడ అక్కగారింటికి వెళ్లగానే, బండ వెనక నీళ్లలో ఆవిడ పక్కన ఎవరున్నారో చూద్దామని దర్జీ బయల్దేరి, డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడని మాస్టారితో అబద్ధమాడి ఒక పడవ తీసుకున్నాడు.

"బండ మీదికి పోతున్నట్టయితే బెదిరి అవతలికి వాలకండి. బండ వైపే వాలండి," అన్నాడు మాస్టారు ఒడ్డు మీదినుంచి.

బండ మీదికి వాలమంటాడేమిటి వీడు? నన్ను వదిలించుకుందామనే! దర్జీ పట్టుబట్టి అవతలికే వాలాడు. పడవ బోర్లా పడింది.

ముక్కులో నీళ్లు చీదుకుంటూ లేచి, పడవను ఈడ్చుకుంటూ బండ వెనక్కి నడిచాడు. నీళ్లలో భార్య ఉంది. హెల్మెట్ ఒక చెవి మీదికి జారింది. ఈసారి పడనందుకు తనలో తనే నవ్వుకుంటోంది. పక్కన ఎవరూ లేరు. ఆయన నమ్మలేదు. తెడ్డు కొనతో ఆ నీళ్ల అంచు పట్టి, కోటు లోపలి అస్తరు ఎత్తినట్టు ఎత్తి, కింద వెతికాడు. గులకరాళ్లు తప్ప ఏమీ లేవు.

మనసు తేలికపడింది. వారమంతా ఆవిడతో నవ్వుతూ మాట్లాడాడు. శనివారం తనే తువ్వాలు పట్టుకుని, పాఠం ముగిసే చోట, వంతెన కింద నిలబడ్డాడు.

నియమం ప్రకారం మొదటి పడవ ఆవిడదే. బండ వెనక ఆపి, వంగి చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. నీళ్లలో మొగుడు తడిసి ముద్దై, తెడ్డుతో నీళ్లెత్తి వెతుకుతున్నాడు.

వంతెన దగ్గర ఆయన చెయ్యి అందించాడు. ఆవిడ పట్టుకోలేదు.

"ఎవరైనా దొరికారా?" అని అడిగింది.

ఆయన తువ్వాలు ముందుకు చాచాడు. ఆవిడ తెడ్డుతో ఒడ్డును మెల్లగా నెట్టింది. వంతెన దాటితే వాగు నదిలో కలుస్తుంది, పడవ అటే పోయింది. వెనకే వచ్చిన పడవవాడు బండ దగ్గర నీళ్లలో ఆవిడ ముఖం చూసే వచ్చాడు. అందుకే వెనక్కి పిలవలేదు.

ఇంక లేవండి. అలా చూస్తారేం? ఇళ్లలో అన్నాలు చల్లారిపోతున్నాయి, పోయి తినండి.